ఆది జాకెట్టు

"పిల్ల మీద కేసు పెడ్తరా ఏందయ్యా?" అన్న, ఇంకా చాయ్ గూడ తాగకముందే.

మా ఆయన వెంకట్రాములు ఆటో అద్దం తుడుస్తుండు. ఎవరు పెడ్తరు, ఎందుకు పెడ్తరు, అసలు ఏమైందని తిరిగి నన్నే అడిగిండు. ఏం కాలేదు. కాకముందే భయపడాలె, అయినంక భయపడి ఏం ఫాయిద? కంప్యూటర్ల ఏదన్న పోతే ఎవరి వేలు తగిలి పోయిందో పట్టుకుంటరని, జైలుకు గూడ పంపుతరని బస్టాండు కాడ ఒకామె ఇంకొకామెకు చెప్పంగ విన్న. మా చంద్రిక పొద్దంతా ఆ కంప్యూటర్ మీదనే వేళ్లు పెడ్తది. ఆయన తుడిచిన బట్ట పిండి హ్యాండిల్‌కు చుట్టిండు. నీకు భయపడేతందుకు ఏం దొరక్కపోతే గూడ భయమేనని, పాపన్నపేట దిక్కు సవారీలకు పోయిండు.

కథ ఏ కాడ ఆగిందో మరిచినోళ్లకు రెండు ముక్కలు చెప్త. నాది మెదక్ చర్చి తొవ్వల చిన్న కుట్టు దుకాణం. ఫేబ నా దగ్గరనే పని నేర్చుకున్నది. కాజాలు కుట్టుడు కాడికెల్లి కటోరి జాకెట్టు కోసుడు దాక, నా పక్క పీట మీద కూసొనే నేర్చింది. పోయిన ఏడు చౌరస్తాల అద్దాల తలుపు పెట్టి బొటిక్ తెరిచింది. నా గిరాకులు ఒక్కొక్కరే అటు మళ్లిండ్రు. అంతవరకైతే ఓర్చుకుందును. డిగ్రీల కంప్యూటర్ చదివిన మా ఒక్కగానొక్క బిడ్డ చంద్రిక, పోయి పోయి ఆ ఫేబ కాడ్నే పనికి కుదిరింది. నిన్న అన్నం ముంగట కూసున్నప్పుడు, నా దుకాణమా దాని దుకాణమా తేల్చుకొమ్మన్న. పిల్ల ముద్ద నోట్ల పెట్టకుంటనే చెయ్యి కడుక్కుంది. పొద్దుగాల నాకు మొకం చూపియ్యకుంట పనికి పోయింది.

తేల్చుకొమ్మన్నది నా నోరు. కడుపుల ఉన్నది వేరే. ఇంట్ల మూతి ముడుచుకుని ఉండే పిల్ల ఆ అద్దాల తలుపు ఎనుక నవ్వుతుంటే రోడ్డు మీదికెల్లి చూసిన. కూరగాయలకని పోయి, కూరగాయలు కొనకుంట ఇంటికొచ్చిన. చాయ్‌ల చక్కెర మానేసిందంట. నాకు తెల్వదు, ఫేబకు తెలుసు. ఫేబక్క గట్ల అన్నది, ఫేబక్క గిట్ల చేసింది. ఆ అక్క చేతిల ఉన్న కత్తెర గూడ నేనిచ్చిందే.

నా దుకాన్ల గోడకు ఈ కొసకెల్లి ఆ కొసకు ఒక తీగె ఉంటది. దాని మీద ఆది జాకెట్లు ఏలాడుతుంటయి. ఒంటికి మంచిగ కుదిరిన జాకెట్టు ఒకటి కొలతకని ఆడోళ్లు మన కాడ్నే వదిలిపెడ్తరు. టేపు పెట్టి కొలిపిచ్చుకునుడంటే పెద్దోళ్లకు సిగ్గు. ఒకసారి ఇస్తే ఏండ్లకేండ్లు గదే కొలత. ఫేబ దిక్కు మళ్లినోళ్లయి గూడ ఇంకా నా తీగె మీదనే ఉన్నయి. ఒక్కరన్న వచ్చి అడుగలే. అడిగితే ఇద్దునో ఇయ్యకపోదునో గని, అడుగకపోవుడే నాకు కాలింది. అయినా ఎండకు ఏస్త, పురుగు పట్టకుంట డాంబర్ గోలీలు పెడ్త, మళ్ల తీగెకు తగిలిస్త. మొగుడు ఇడిసిపెట్టినా అత్తకు అంబలి కాసినట్టుంది నీ కత అంటడు మా ఆయన.

వాళ్లకు ఆది జాకెట్టు తోని పని లేకుంట చేసింది ఎవరనుకుంటున్నరు? మా చంద్రికనే. వచ్చినామె ఒంటి మీది జాకెట్టును ట్రయల్ రూంల విప్పిచ్చి, కొలిచి, కంప్యూటర్ల ఎక్కిచ్చి, మళ్ల తొడిగిచ్చి పంపుతది. ఇగ ఎప్పుడొచ్చినా బట్ట ఇచ్చిపోవుడే. అదంతా ఎట్లుంటదో, మా మధ్య ఇంకా మాటలున్నప్పుడు ఒకనాడు నాకు చెప్పింది. మూడు టేబుళ్లు ఉంటయంట. టేబుల్ అంటే బల్ల కాదు, గళ్లు గీసిన కాయితం లెక్క. ఒకదాంట్ల గిరాకులు, వాళ్ల ఊరు, ఫోను. ఇంకోదాంట్ల కొలతలు. మూడోదాంట్ల టైలర్లు.

టైలర్లెందుకే అంటే నవ్వింది. ఎవరి చెయ్యి వాళ్లదంట. ఫేబ కోసింది ఒంటికి అంటుకున్నట్టు ఉంటది. నేను కోసింది జర వదులుగ ఉంటది, లోపట గూడ మస్తు బట్ట వదుల్త. రేపు లావైతే? కడుపుతోని అయితే? ఉతికితే ముడుసుకపోతే? అట్ల భయపడి కోసిన జాకెట్టును కొలిచి, ఉన్నదున్నట్టు కోస్తే అవతలామెకు సంచి లెక్క అయితది. అందుకని కొలత పక్కన, ఆ జాకెట్టు ఎవరు కోసిండ్రో గూడ గుర్తు పెట్టాలెనంట.

"మరి నా పేరు అన్ని కాడ రాస్తవా?" అన్న.

"పేరు ఒక్క కాడనే ఉంటదమ్మా. తక్కిన అన్ని కాడ దాని నంబర్ పెడ్త. ఒకరి నంబర్ ఇంకొకరికి రాదు. ఆ నంబరే దారం. టేబుల్‌కు టేబుల్‌కు అదే కుట్టు."

దారమన్నది, కుట్టన్నది. నా మిషిని చప్పుడుకు నిద్రపోయి పెరిగిన పిల్ల, మాట నా ఇంటికెల్లే వచ్చింది. కుట్టు మాత్రం ఫేబకు పోయింది.

ఇగ ఇయ్యాల్టి సంగతికి వస్త. ఎండ ఎక్కినంక మా ఆయన ఫోన్ చేసిండు. పాపన్నపేట కాడ ఆటో ఎక్కిన బాలనర్సమ్మ మెదక్ వచ్చే దాక ఒర్రుకుంటనే ఉన్నదంట. ఎల్లుండి ఆమె బిడ్డ రిషిత పెండ్లి. జాకెట్లు ఇంకా కోయనే లేదని, కొలతలు పోయినయని ఫేబ ఫోన్ చేసిందంట. మన పిల్ల తప్పన్నరంట. "నీ నోట్ల ఏముంటదో ఏమో, అన్నదే అయితది," అన్నడు.

దుకాణం సగం షట్టరు గుంజి ఉరికిన. తొవ్వ పొంటి నా కండ్ల ముంగట ఠాణా, సంకెళ్లు, పిల్లను చూడ రాకుంట మళ్లిపోయే సంబంధాలు. నడుమల ఇంకోటి గూడ మెదిలింది, దాచితే ఏం లాభం. ఫేబ దుకాన్ల లొల్లి. ఫేబ మొకం మాడుడు. జర తియ్యగనే ఉండె.

అద్దం తలుపు నూకంగనే సల్లటి గాలి కొట్టింది. సోఫా మీద బాలనర్సమ్మ, ఒడిల కోయని పట్టు ముక్కలు. ఫేబ కౌంటర్ ఎనుక నిలబడి కొలత టేపును వేలికి చుడుతుంది, ఇప్పుతుంది. చంద్రిక చక్రాల కుర్చీల కంప్యూటర్ ముంగట తల వంచుకొని ఉంది. ఏసీ చలికి పిల్ల భుజాల మీద చున్నీ కప్పి ఉంది. చున్నీ ఫేబది. ఇంత లొల్లిల గూడ నా కన్ను ముందుగాల దాని మీదనే పడ్డది.

బాలనర్సమ్మ నన్ను చూసి జరిగింది. "రా భాగ్యా, కూసో. మా నలుగురి కొలతలు కంప్యూటర్ మింగిందంట. మా బర్రె మింగినా నయముండె, నెమరుకన్న తెస్తుండె."

ఫేబ నన్ను చూసి అక్కా అన్నది గని కండ్లు కలపలే. పిల్లనేం అంటలేనని, చిన్న పిల్ల చెయ్యి జారి ఉంటదని, కాకపోతే ఇగ రేపటికెల్లి కంప్యూటర్ మీద కూసోవద్దని చెప్పిన అన్నది. మెత్తగనే అన్నది. మెత్తటి మాట లోపటికి దిగుతది. బాలనర్సమ్మ నోరు ఎంత దూరం పోతదో నాకు తెలుసు. పెండ్లి పందిట్లనే నాలుగు ఊర్ల ఆడోళ్లు కూసుంటరు. కౌడిపల్లి దాక, శివ్వంపేట దాక పోతది, వెంకట్రాములు బిడ్డ పెండ్లి జాకెట్లు ఆగం చేసిందని. ఇంక పిల్లను ఏ దుకాణపోళ్లు, ఏ ఆఫీసోళ్లు కంప్యూటర్ ముట్టనిస్తరు?

మళ్ల కొలతలు తీసుకుందామని చంద్రిక మెల్లగ అన్నది. తనే ఆటోల పోయి తీసుకొస్తనన్నది. బాలనర్సమ్మ అడ్డంగ తల ఊపింది. పిల్లను పెండ్లికూతుర్ని చేసినమని, వాళ్లింట్ల పెండ్లి జాకెట్టుకు కొలత రెండుమార్లు ఇయ్యరని చెప్పింది. వాళ్లత్త ఉన్నప్పటి కట్టడి. "రెండోసారి కొలిస్తే రెండో పెండ్లి చూస్తరంటది మా అత్త. సచ్చిన అత్తను మీ కంప్యూటర్ కోసం ఎదిరియ్యనా?"

వాళ్ల నలుగురి ఆది జాకెట్లు నా తీగె మీద ఉన్నయి. బాలనర్సమ్మది, రిషితది, ఇద్దరు కోడండ్లయి. మొన్ననే ఎండకు ఏసిన. ఆ మాట నాలుక కొస దాక వచ్చింది. ఫేబ ముంగట కౌంటర్ మీద నా కత్తెర చూసిన, నోరు మూసుకున్న. దాని దుకాణం నిలవెట్టే జాకెట్లు నేనెందుకియ్యాలె?

పిల్లను లేపి తీస్కపోవుడు గప్పుడు సులువుగ ఉండె. ఎన్ని దినాలకెల్లి మొక్కుతున్ననో గదే. గని దొంగను పంపినట్టు పంపుతుంటే ఎట్ల తీస్కపోవాలె?

"ఏం పోయిందో నాకు చూపియ్యే బిడ్డా," అన్న.

నా మీద కోపం ఉన్నదే. అయినా కుర్చీ జరిపి జాగ ఇచ్చింది. గిరాకుల టేబుల్ తెరిచింది. బాలనర్సమ్మ పేరుంది, ఊరుంది, ఫోన్ నంబరుంది. కొలతల టేబుల్ తెరిచి ఆమె నంబర్ కొట్టింది. ఉత్త తెల్లటి గళ్లు. ఒక గిరాకు ఎనుక ఎన్ని కొలతలన్న ఉండొచ్చంట, ఆమెది, బిడ్డది, కోడండ్లది. నాలుగు ఉండాలె. ఒక్కటి లేదు. చంద్రిక ఇంకో పేరు కొట్టింది. పేరుంది, కొలత లేదు. ఇంకోటి. గదే. ఈమధ్యనే కొత్తగ వచ్చినామె పేరు కొట్టింది. ఉన్నయి, భుజం, నడుము, చెయ్యి పొడుగు, అన్ని ఉన్నయి.

పోయిన పేర్లు చదువుకుంట పోతుంటే, పేరు పేరుకు ఒక జాకెట్టు కండ్ల ముంగట ఏలాడింది.

"ఇవన్ని నా గిరాకులు గద," అన్న. ఆ మాట బయటికే వచ్చింది.

చంద్రిక నా దిక్కు చూసింది. నిన్న అన్నం కాడ అలిగినంక నన్ను చూసుడు గదే మొదలు. మూడో టేబుల్ తెరిచింది, టైలర్లది. నాకు చదువు ఏడో తరగతి దాకనే గని అంకెలు తెల్వకపోవుడేంది. రెండు, ఫేబ. మూడు, బజార్ల ఇంకో టైలర్. నాలుగు, ఇంకొకతను.

"ఒకటేది?"

"ఒకటి నువ్వేనమ్మా."

బాలనర్సమ్మ పట్టు ముక్కలు పక్కకు పెట్టి ముంగటికి వంగింది.

పిల్ల గొంతు తగ్గిచ్చుకుని చెప్పింది. ఈ కంప్యూటర్ల మొట్టమొదలు ఎక్కిచ్చిన పేరు నాదంట. దుకాణం తెరిచిన నాడే, ఫేబ పేరు కన్నా ముందు. చేతికి ఏ పేరు ముందొస్తే అది కొట్టినానన్నది. ముందు కొట్టిన పేరుకు ఒకటి అదే వస్తదంట, అందుల పెద్దా చిన్నా ఏం లేదంట. ఒకసారి తీసేస్తే ఆ నంబర్ మళ్ల ఎవరికీ ఇయ్యదంట, ఆ జాగ అట్లనే ఖాళీగ పోతదంట. నాకు కడుపుల చల్లటి మజ్జిగ పోసినట్టయ్యింది. ఇన్నాళ్లు నేను రోడ్డు మీద నిలబడి చూసుకుంట ఏడ్సిన ఈ అద్దాల దుకాన్ల, ఆ డబ్బ లోపట, నా పేరు అందరికన్న ముందు కూసొని ఉన్నది.

ఉండె. గిప్పుడు లేదు.

"నీ పేరు పోతే, నీ నంబర్ తోని కుట్టిన కొలతలన్ని పోతయమ్మా. కుట్టు అట్ల నేనే పెట్టిన. ఒక గిరాకు ఇగ రాదంటే ఆమె పేరు తీస్తే సాలు, ఆమెవన్నీ పోవాలెనని. అన్నిటికి ఒక్కతీరు టిక్ కొట్టిన. టైలర్లకు గూడ కొట్టుడు నా తప్పే."

మరి ఇంకో కాపీ ఉంచుకోలేదా అని ఫేబ అడిగింది. రోజు పొద్దుగాల రాంగనే పెన్‌డ్రైవ్‌ల కాపీ పెడ్తనని, పాతదాని మీదనే కొత్తది పెడ్తనని చంద్రిక అన్నది. ఇయ్యాల ఇయ్యి పోయినంక గూడ పెట్టింది, చూసుకోలే. మంచిది మీద చెడ్డది పడ్డది.

"వేలు తగిలితే పోయిందా?" అన్నది బాలనర్సమ్మ.

"పోదు పెద్దమ్మా. తీసేటప్పుడు అడుగుతది. ఇది తీస్తే దీనికి జోడిచ్చినయి గూడ పోతయి, తియ్యాల్నా వద్దా అని. అవునని నొక్కితేనే పోతది." అనుకుంట పిల్ల ఆగిపోయింది. "ఇంగ్లీషుల అడుగుతది," అన్నది.

చెయ్యి జారలేదన్నట్టే. ఎవరో నా పేరు పట్టుకుని, తియ్యాల్నా అంటే అవునన్నరు.

నా పానం ఎప్పటిలెక్కనే ఉన్నదాంట్ల పాడుదాని దిక్కే పోయింది. పిల్ల నిన్న అన్నం ముంగటికెల్లి లేచింది. నన్ను చూడకుంట పొద్దుగాల పనికొచ్చింది. వచ్చి ఈ కుర్చీల కూసున్నది. తల్లి మీద కోపం ఎవరి మీద తీరుతది, తల్లి పేరు మీదనే తీరుతది. తేల్చుకొమ్మన్నది నేనే గద. తేల్చుకున్నదేమో. అట్లయితే నేను ఒకటో నంబర్‌ల ఉన్నది ఇయ్యాల్నే తెలిసింది, నన్ను తీసేసింది గూడ ఇయ్యాల్నే తెలిసింది. కేసులు, ఠాణాలు అన్ని మరిచిన. ఆ భయాలన్ని ఒక దిక్కు, ఈ భయం ఒక్కటే ఒక దిక్కు.

"నువ్వే తీసినవా బిడ్డా?"

ఆ అడుగుడుకు చంద్రిక మొకం చిన్నబోయింది, కండ్ల నిండ నీళ్లొచ్చినయి, అయినా లేదని గూడ అనలే. నన్ను చూడలే, ఫేబను చూడలే, కీబోర్డునే చూసుకుంట కూసున్నది. ఎవరినో దాస్తున్న పిల్ల మొకం ఎట్లుంటదో నాకు తెల్వదా? చిన్నప్పుడు పగిలిన గాజు గిలాస దాచినప్పుడు గూడ గిట్లనే కూసున్నది. అప్పుడు పగలగొట్టింది వాళ్ల నాయిన.

కరెంటు పోయింది. ఏసీ ఆగింది. కంప్యూటర్ కింద బ్యాటరీ డబ్బ కుయ్యి కుయ్యి అనబట్టింది, తెర మాత్రం ఎలుగుతనే ఉన్నది, రెండు, మూడు, నాలుగు. బాలనర్సమ్మ పట్టు ముక్క కొంగుతోని విసురుకుంట, ఎవరన్న ఒకరు మాట్లాడుండ్రి అన్నట్టు మా మొకాలు ఒక్కొక్కటి చూసింది. చర్చి గంట కొట్టింది. ఫేబ అలవాటుగ సిలువ గుర్తు ఏసుకునేతందుకు నుదుటి మీద చెయ్యి పెట్టబోయి మధ్యలనే దించుకున్నది. వేలికి చుట్టిన టేపు మెల్లగ ఇప్పింది. ఇప్పి, కౌంటర్ మీద సాపు చేసి పెట్టింది, నా దగ్గర పని నేర్చిన కొత్తల తప్పు కోసినప్పుడు పెట్టినట్టే. దాని పక్కనే కత్తెర పెట్టి, నా దిక్కు జరిపింది. కౌంటర్ దాటి వచ్చి చంద్రిక కుర్చీ ఎనుక నిలబడి, జారిపోతున్న చున్నీని పిల్ల భుజం మీదికి మళ్ల కప్పింది. అప్పుడు గూడ నాకు కాలింది.

కంప్యూటర్ కింది డబ్బ కుయ్యి మంటనే ఉన్నది.

"నేనే అక్కా," అన్నది ఫేబ. "తెర తెరిచినప్పుడల్ల నా దుకాన్ల నాకన్న ముందు నువ్వు. సూడలేక తీసేసిన. నీ పేరు ఒక్కటే పోతదనుకున్న."